డిజిటల్ కాటా, కొలత కప్పులు: చాన్నాళ్లు వాడాక చెప్తున్నా

ఆన్‌లైన్‌లో దొరికే మామూలు డిజిటల్ కాటా, 10 కిలోల దాకా తూస్తుంది, గ్రాము గ్రాము చూపిస్తుంది, రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే చాలు. దాంతోపాటే కొలత కప్పుల సెట్టు కూడా తీసుకున్నా. కప్పులుంటే సరిపోదా కాటా దేనికి అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి రాస్తున్నా, ఒకటే కొనగలిగితే కాటానే కొనండి.

240 ఎంఎల్ కప్పు నిండా నీళ్లు పోస్తే 240 గ్రాములు, పంచదార అయితే 200 దగ్గర, మైదా చెంచాతో వదులుగా వేసి పైన చదును చేస్తే 120-125, అదే డబ్బాలోకి కప్పు ముంచి తీస్తే 150 దాకా కూడా వస్తుంది! కేకు గట్టిగా వస్తోందని ఓవెన్ని అనేముందు ఇది చూసుకోండి. పైగా కప్పులన్నీ ఒకటే కాదు, కొన్ని సెట్లు 240, కొన్ని 250, రైస్ కుక్కర్‌తో ఇచ్చేది 180.

కాటా అసలు విలువ నాకు ఆవకాయ దగ్గర తెలిసింది. పెద్దవాళ్లు గిన్నె కొలతే చెప్తారు, గిన్నె కారం, గిన్నె ఆవపిండి, ముప్పావు గిన్నె ఉప్పు అని, ఇంకొకళ్లేమో కిలో ముక్కలకి ఇన్ని గ్రాములు అంటారు, ఈ రెండూ కలిపేస్తే మాత్రం పచ్చడి పోయినట్టే. ఎందుకంటే ఒకే కప్పులో కారం 120-130 గ్రాములు పడితే మెత్తటి ఉప్పు 290 దాకా తూగుతుంది, రెట్టింపు పైనే. కళ్లుప్పు అయితే మధ్యలో గాలి ఉంటుంది కాబట్టి మళ్లీ తక్కువ. అందుకే నేను అమ్మ గిన్నెతోనే కొలిచి, ప్రతీదీ కాటా మీద పెట్టి, గ్రాములు రాసుకున్నా, ఇప్పుడు ఎన్ని కాయలు తెచ్చినా లెక్క కట్టుకోవడం తేలిక. బెల్లం కూడా అంతే, ముక్కలు కప్పుతో కొలిస్తే సగం ఖాళీయే. అరిసెల తడిపిండి మాత్రం తూచి లాభం లేదండీ, నీళ్ల బరువు కూడా కలిసిపోతుంది, నానబెట్టకముందు బియ్యమే తూచుకోవాలి.

ఇక కాటా లోపాలు. దీని మీద ఎంఎల్ బటన్ ఉంది, అది నీళ్లకే కరెక్ట్. నూనె ప్యాకెట్ చూడండి, 1 లీటరు పక్కన 910 గ్రాములు అనో ఆ దగ్గరలోనో వేసి ఉంటుంది, ఈ బటన్ నొక్కి ఆ లీటరు నూనె తూస్తే 910 ఎంఎల్ అనే చూపిస్తుంది. నెయ్యికీ అదే తేడా, తేనెకి ఇంకా ఎక్కువ తేడా, అదీ తిరగేసి, ఉన్నదానికన్నా ఎక్కువ ఎంఎల్ చూపిస్తుంది. నేను ఆ బటన్ జోలికే పోను.

రెండోది, గిన్నె పెట్టి జీరో చేశాక, అంటే గిన్నె బరువు పోయి సున్నా చూపించేలా బటన్ నొక్కాక, ఈస్ట్ లాంటిది చిటికెడు చిటికెడు వేస్తూ పోతే అంకె కదలదు, సున్నా దగ్గర చిన్న చిన్న బరువుల్ని జీరోలోనే కలిపేసుకుంటుంది. జీరో చెయ్యకుండా గిన్నె బరువు అలాగే ఉంచి, ఎంత పెరిగిందో చూసుకుంటే కాస్త నయం. అయినా 5 గ్రాముల లోపువి, అంటే వంటసోడా, ఈస్ట్, చెంచా కొలతే మేలు, టీస్పూన్ 5 ఎంఎల్, టేబుల్ స్పూన్ 15. ఇంకోటి, పిండి జల్లించుకుంటూ కాసేపు ఆగితే దానంతటదే ఆఫ్ అయిపోయి జీరో లెక్క పోతుంది, ఇది నిజంగా విసుగే.

బియ్యం, పప్పు, నీళ్లు, పాలకి రోజూ కప్పే వాడతాను, వాటికి కాటా తీయక్కర్లేదు. కొనేవాళ్లు పైన ప్లేట్ విడిగా ఊడొచ్చే మోడల్ చూసుకోండి, నాది ఊడదు, బెల్లం పాకం పడితే కడగలేక చస్తున్నా.