మా పాప మొదటి బొమ్మ: నాలుగు వచ్చాయి, ఒక్కటి నిలిచింది

మా పాపకి వచ్చే నెల రెండేళ్లు నిండుతాయి. మొదటి పుట్టినరోజు నుంచి ఇప్పటిదాకా ఇంట్లోకి నాలుగు బొమ్మలు వచ్చాయి. కార్లు, బంతులు, లక్కపిడతలు లెక్కలో వేయట్లేదు, కళ్లూ ముక్కూ చేతులూ ఉన్నవే నాలుగు. రాత్రి పాప పక్కన పడుకునేది మాత్రం ఒక్కటే. నేను కొనేముందు వెతికితే అన్నీ "సూపర్, పాప చాలా హ్యాపీ, ఐదు స్టార్లు" అనే రివ్యూలే కనిపించాయి, చూస్తే అవన్నీ డబ్బా విప్పిన రోజు రాసినవి. ఇది ఏడాది వాడాక రాస్తున్నాను.

మొదటిది పుట్టినరోజుకి మేమే ఒక పెద్ద షాపులో కొన్న ప్లాస్టిక్ బొమ్మ, 899 రూపాయలు. బంగారు రంగు జుట్టు, పడుకోబెడితే కళ్లు మూసుకుంటుంది, పొట్ట నొక్కితే పాట పాడుతుంది. మాకు తెగ నచ్చింది. పాప మాత్రం అది పాట ఎత్తుకోగానే కెవ్వుమని ఏడ్చి మా ఆయన మెడ పట్టుకుంది. సరే అలవాటవుతుందిలే అని నాలుగు రోజులు చూశాం, అలవాటయ్యాక జుట్టు పీకడం మొదలుపెట్టింది, ఒకరోజు నోట్లోంచి నైలాన్ పోగులు తీశాను. అసలు టెన్షన్ ఆ తర్వాత. వీపు మీద బ్యాటరీ మూతకి స్క్రూ లేదు, గోరు పెట్టి లాగితే ఊడి వచ్చేసింది, లోపల మూడు బటన్ సెల్స్, అంటే బొత్తాం అంత చిన్న బ్యాటరీలు. మింగితే అవి గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోపే అన్నవాహికని లోపలినుంచి కాల్చేయగలవు, కాబట్టి ఇంట్లో ఏ బొమ్మ ఉన్నా ఇది చదవడం ఆపి ముందు దాని వీపు తిప్పి చూడండి. షాపుకి పట్టుకెళ్తే "పేరెంట్స్ చూసుకోవాలి కదా మేడం" అన్నాడు ఆ అబ్బాయి. ఇంటికొచ్చి డబ్బా మీది ధర స్టిక్కర్ పీకితే దానికింద ఎర్ర గుండ్రంలో ఏడుపు మొహం, 0-3 అని రాసి అడ్డగీత, అంటే మూడేళ్లలోపు పిల్లలకి ఇవ్వకూడదని. ఐఎస్ఐ గుర్తు డబ్బా మీద ఎక్కడా లేదు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే పిల్లల బొమ్మలకి ఆ గుర్తు తప్పనిసరి అని నాకు అప్పుడే తెలిసింది. ముందే చూడకపోవడం నా తప్పే, స్టిక్కర్ సరిగ్గా అక్కడే అంటించడం మాత్రం నా తప్పు కాదు.

రెండోది మా అత్తయ్య తెచ్చింది. విజయవాడ నుంచి వస్తూ పనిగట్టుకుని కొండపల్లి వెళ్లి బిందె మోస్తున్న అమ్మాయి బొమ్మ కొనుక్కొచ్చారు. బొమ్మ ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. కానీ కొండపల్లి బొమ్మని తెల్లపొణికి చెక్కతో చేస్తారు, చేతిలో పెట్టుకుంటే బరువే తెలియనంత తేలిక, మెత్తన. చేతులూ కాళ్లూ విడిగా చెక్కి చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికిస్తారు. అలాంటిదాన్ని పదమూడు నెలల పిల్ల చేతికిస్తే ఏం చేస్తుంది, నేలకేసి కొడుతుంది. గంటలో బిందె ఒకచోట, చెయ్యి ఒకచోట. విరిగిన చెయ్యి పాప నోట్లోకి వెళ్లకముందే లాక్కున్నాను. బొమ్మని తప్పుపట్టలేం, అది కొలువులో మెట్టు మీద కూర్చోవాల్సిన బొమ్మ, బరబరా ఈడ్చేది కాదు. అత్తయ్య ఏమీ అనలేదు, ఫెవికాల్ ఎక్కడుందమ్మా అని మాత్రం అడిగారు. ఇప్పుడు అది టీవీ పైన అలమరలో ఉంది, పాప దాన్ని చూపించి "అమ్మో" అంటుంది.

మూడోది ఏటికొప్పాక బొమ్మ. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నాలుగింటిలో నేను బాగా ఆలోచించి కొన్నది ఇదే. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఊరు అది. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క పూస్తారు, తిరుగుడు వేడికి లక్క కరిగి కర్రకి పట్టేస్తుంది, అందుకే పెయింటులా పెచ్చులు ఊడదు. రంగులు గింజలు, బెరడు, ఆకుల నుంచి తీస్తారు. ఈ సహజ రంగుల పద్ధతిని మళ్లీ నిలబెట్టినందుకే ఆ ఊరి సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఏ మూలా కోసుకోని నున్నని గుండ్రటి బొమ్మ, 250 రూపాయలు. పళ్లు వచ్చే మూడు నెలలూ మా పాప దాని తల కొరికింది, పంటి గాట్లు పడ్డాయి కానీ రంగు ఊడలేదు. కొనేటప్పుడు రెండు విషయాలు చూడండి: సహజ రంగులేనా అని నోరు తెరిచి అడగండి, లక్క బొమ్మలన్నిటికీ అవే వాడతారని లేదు, ఇక తల మీద కొప్పు లాంటిది విడిగా అతికించారేమో తిప్పి చూడండి. మూడేళ్లలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించేటప్పుడు 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న చిన్న గొట్టంలో ముక్కలు వేసి చూస్తారు, అందులో పట్టిందంటే గొంతులోనూ పడుతుందని అర్థం. మన ఇంట్లో అయితే టిష్యూ రోల్ అట్ట గొట్టం చాలు, అది ఇంకొంచెం వెడల్పు కాబట్టి మనం ఇంకొంచెం జాగ్రత్తగా ఉన్నట్టే.

మరి ఇంత మంచిదాన్ని పక్కన ఎందుకు పెట్టానంటే, గట్టిది. విసిరితే నా నుదుటికి తగిలి బొప్పి కట్టింది. పైగా పాప దాన్ని ఎప్పుడూ హత్తుకోలేదు, దొర్లించింది, కొరికింది, గిన్నెలో వేసి గలగలలాడించింది, అంతే. ఆటవస్తువుగా పదికి తొమ్మిది ఇస్తాను. పాపకి పాపలా అనిపించడానికి మాత్రం కాస్త ఒళ్లుండాలి.

నాలుగోది గుడ్డబొమ్మ. హైదరాబాద్ శిల్పారామంలో ఒక స్టాల్లో కూర్చుని కుడుతున్న ఆవిడ దగ్గర కొన్నాను, 450 అంటే బేరం ఆడలేదు (మా ఆయన ఆడాడు, ఆవిడ వినలేదు). కళ్లు బొత్తాలు కావు, నల్లదారంతో కుట్టినవి. జుట్టు ఉన్ని దారం జడ, తలలోకి కుట్టేసింది, నేను అక్కడే నిలబడి రెండు చేతులతో లాగాను, ఆవిడ నవ్వి "ఇంకా గట్టిగా లాగమ్మా" అంది. ఐఎస్ఐ గుర్తు లేదేమని అడిగితే పెహచాన్ కార్డు, అంటే చేతిపనివాళ్ల గుర్తింపు కార్డు, తీసి చూపించింది, హస్తకళల శాఖలో నమోదైన చేతిపనివాళ్లు చేసే బొమ్మలకి ఆ గుర్తు నుంచి మినహాయింపు ఉంది. పొడవు జానెడున్నర, పాప చంకలో ఇమిడేంత. అంతకంటే పెద్దది కొనకండి, పిల్లలు మోయలేక మనచేత మోయిస్తారు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. మొదటి ఉతుకుకే ఎర్ర జాకెట్టు రంగు దిగి బొమ్మ మెడ గులాబీ అయింది. నాలుగో నెలలో చంక కింద కుట్టు విడిపోయి దూది బయటికొచ్చింది, చూసిన వెంటనే కుట్టేశాను, ఇప్పుడు వారానికోసారి కుట్లన్నీ తడుముతాను. లోపల దూది కాబట్టి వానాకాలంలో ఆరడానికి రెండు రోజులు పట్టి, ఆరాక గడ్డలు కడుతుంది. పాలిస్టర్ ఫైబర్ నింపినవి తొందరగా ఆరతాయట, మళ్లీ కొంటే అదే అడుగుతాను.

మొదటి రెండు నెలలు జడ పట్టి ఈడ్చడమే, ఇదీ అంతేనా అనుకున్నాను. పదిహేడో నెలలో ఒక మధ్యాహ్నం తన చెంచాతో పెరుగన్నం తీసి దాని మూతికి పూసి "ఆం" అంది. ఆ తర్వాత ఇక రోజూ దానికి బువ్వ, లాల, బజ్జో, దువ్వెన, ఆఖరికి నా థర్మామీటర్ కూడా. పేరు "పాపా", తనని మేం పిలిచే పేరే. పిల్లలకి ఏడాది నిండకముందే కొన్నవాళ్లు, వాళ్లు బొమ్మని పట్టించుకోవట్లేదని బెంగపడకండి, పక్కన పడేసి ఉంచండి.

ఉతికిన రోజు మాత్రం నరకం. అది తీగ మీద వేలాడుతుంటే పాప కింద కూర్చుని చేతులు చాపి ఏడుస్తుంది. రెండోది కొందామని మళ్లీ శిల్పారామం వెళ్తే ఆవిడ స్టాల్ లేదు, ఆ చోట గాజులు అమ్ముతున్నారు. మా అమ్మ తన పాత నేత చీర చించి అచ్చం అలాంటిదే కుట్టింది, జడ కూడా వేసింది. పాప దాన్ని తీసుకుని వాసన చూసి, వాళ్ల నాన్న ఒళ్లో పెట్టి, మళ్లీ తీగ కిందికి వెళ్లి కూర్చుంది. నచ్చిందంటే ఒకేసారి రెండు కొనండి, మొదటి రోజు నుంచే మార్చి మార్చి ఇవ్వండి.