యాక్రన్ దగ్గర పాత సామాన్ల కొట్టు: గోళీల కోసమైతే శనివారమే వెళ్ళండి

ముందు మార్కులు చెప్పేస్తాను, తీరిక లేనివాళ్ళు అక్కడితో ఆపేయొచ్చు. కొట్టుకి అయిదుకి మూడు. ఆ కొట్టు వెనక గదిలో శనివారం పొద్దున పది నుంచి ఒంటిగంట దాకా పాత గోళీల పిచ్చి ఉన్నవాళ్ళు కూచుని ఒకరివొకరు చూసుకునే గోళీల బల్లకి అయిదుకి అయిదు. కొట్టు పేరు రాయను. ఒకటి, కాసేపట్లో దాని మీదే ఒక ఫిర్యాదు చెప్పబోతున్నాను. రెండు, అమెరికాలో యాక్రన్ ఉన్న ఈ ఒహాయో రాష్ట్రంలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. అందరూ ఒకే శనివారం దిగితే ఆ బల్ల చుట్టూ ఉన్న ఎనిమిది కుర్చీలు చాలవు. యాక్రన్‌కి దక్షిణంగా ఇరవై నిమిషాల దూరం అంటే చాలు, వెతుక్కునేవాళ్ళు వెతుక్కుంటారు.

నేను రాజమండ్రిలో బ్యాంకులో ముప్పై మూడేళ్ళు చేశాను. అందులో సగానికి పైగా క్యాష్ కౌంటర్లోనే. ఇప్పుడు మా అమ్మాయి ఇంటికి ఆర్నెల్లకి వచ్చాను. ఇలా వచ్చిన అమ్మమ్మల దినచర్య అందరికీ తెలిసిందే: వంట, మనవడు, యూట్యూబ్, కిటికీ. ఒక శనివారం మా అల్లుడు పాతకాలపు కుర్చీ ఏదో కావాలని బయల్దేరుతూ "అత్తయ్యగారూ, మీరూ రండి, కాస్త కాలు కదిలినట్టుంటుంది" అన్నాడు. కుర్చీ దొరకలేదు. నాకు మాత్రం పని దొరికింది.

కొట్టంటే మన ఊళ్ళో పాత ఇనప సామాన్ల కొట్టు ఊహించుకోకండి. గోదాములాంటి పెద్ద హాలు. లోపల వందకి పైగా అరలు, ఒక్కోటి ఒక్కొక్కరు అద్దెకి తీసుకుని సరుకు పెట్టుకుంటారు. అమ్మేవాళ్ళు అక్కడ ఉండరు. ప్రతి వస్తువుకీ దారంతో ఒక చీటీ, దాని మీద ధర, అర నంబరు. డబ్బు మాత్రం గుమ్మం దగ్గర ఒకే కౌంటర్లో కట్టాలి. ఒక్క గల్లాపెట్టె, వందకి పైగా ఖాతాలు. సాయంత్రానికి ఎలా టాలీ చేస్తారో అడగాలని చాలాసార్లు అనిపించింది, బావుండదని ఊరుకున్నాను.

అలా తిరుగుతుంటే ఒక అరలో మూత బిగించిన గాజు సీసా కనిపించింది, నిండా గోళీలు. ఇరవై రెండు డాలర్లు. మా చిన్నప్పుడు అన్నయ్య గోళీలు హార్లిక్స్ సీసాలో ఉండేవి. ఆడేది అన్నయ్య, ఖజానా నేను. ఆడపిల్ల మట్టిలో మోకాళ్ళ మీద కూచుని గోళీలు కొట్టడమేమిటని మా నాయనమ్మ గుంట దగ్గరికి రానిచ్చేది కాదు. కాబట్టి ఎన్ని గెలిచాడో, ఎన్ని పోయాయో రాత్రి పూట లెక్కపెట్టి పెట్టడం నా పని. ఒకటి తగ్గినా నేనే చెప్పేదాన్ని. ఆ సీసా చూడగానే లెక్కపెట్టబుద్ధయింది, అంతే. కొనేశాను. కౌంటర్లో పిల్ల సీసా చూసి, "వెనక గదిలో వీటివాళ్ళే ఉన్నారు, చూపించుకోండి" అంది.

ఆ గదిలో పొడుగు బల్ల, దాని మీద ముదురాకుపచ్చ మెత్తటి గుడ్డ, రెండు దీపాలు. టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన (ట్రక్కు తోలి రిటైరయ్యాడట), స్కూలు లైబ్రేరియన్ ఒకావిడ, రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చిన నర్సు, పన్నెండేళ్ళ కూతుర్ని తీసుకొచ్చిన ఒక తండ్రి. ఫీజు లేదు. కాఫీ డబ్బాలో తోచినంత వెయ్యాలి, కాఫీ మాత్రం కషాయమే. నియమాలు మూడు: ఎదుటివాళ్ళ గోళీని అడక్కుండా ముట్టుకోకూడదు, గుడ్డ దాటి పైకి ఎత్తి చూడకూడదు, అడిగితే తప్ప ఖరీదు మాట ఎత్తకూడదు. మూడోది నాకు బాగా నచ్చింది.

నా సీసా గుడ్డ మీద ఒంపి, బియ్యంలో రాళ్ళేరినట్టు పది నిమిషాల్లో నాలుగు కుప్పలు చేశారు. మొత్తం నూట అరవై మూడు, నేను ఇంట్లో తిరిగి లెక్కపెట్టాను. అందులో నూట పది దాకా క్యాట్స్ ఐలు. రంగులేని గాజు లోపల రంగు రేకలు మెలి తిరిగి ఉంటాయే, మన పిల్లలందరి జేబుల్లోనూ ఉండే రకం. అవి 1950ల మొదట్లో జపాన్ నుంచి వచ్చిపడి ఇక్కడి గోళీల కంపెనీల నడ్డి విరిచాయట. తర్వాత ఇక్కడివాళ్ళూ అవే చెయ్యడం మొదలెట్టారు. వాటికి ఇక్కడ గౌరవం లేదు. మా అన్నయ్య వింటే బాధపడతాడు.

మిగిలినవాటితో నాకు పాఠం మొదలయింది. గోళీ చేతికి రాగానే మొదటి ప్రశ్న, బొడ్డు ఉందా అని. వాళ్ళు పాంటిల్ అంటారు, నేను మనసులో బొడ్డు అనే అనుకుంటాను. జర్మనీలో లౌషా అనే ఊళ్ళో రంగు గాజు కడ్డీ కాచి లాగి, చివర గుండ్రంగా తిప్పి, కత్తెరలాంటి పనిముట్టుతో తెంపేవారు. దాని కోసమే ప్రత్యేకంగా ఒక కత్తెర 1840ల్లో తయారయింది. తెంపిన చోట కాస్త గరుకుగా బొడ్డు మిగులుతుంది. గోళీని గుడ్డ మీద వేలితో నెమ్మదిగా దొర్లిస్తే ఆ గరుకు వేలికే తెలుస్తుంది, కంటికంటే ముందు. నోట్లు లెక్కపెట్టిన వేళ్ళకి ఇది నేర్పక్కర్లేదు. టోపీ పెద్దాయన నన్ను మూడుసార్లు పరీక్షించాడు, మూడూ కళ్ళు మూసుకునే చెప్పాను.

మెషీన్ గోళీకి బొడ్డు ఉండదు. కరిగిన గాజు ధారగా పడుతుంటే కత్తెర ముక్కలు చేస్తుంది. ఆ ముక్క గాడులున్న రోలర్ల మధ్య దొర్లుతూ, చల్లారుతూ గుండ్రమవుతుంది. యాక్రన్‌లో మార్టిన్ క్రిస్టెన్సన్ అనే ఆయన 1905లో ఈ మెషీన్‌కి పేటెంట్ తీసుకున్నాడు. కానీ మొదట్లో గాజుని మెషీన్‌కి అందించింది మనిషే, కడ్డీ చివర ముద్ద తీసి, తిప్పుతూ ధార వదిలేవాడు. అందుకే ఆయన కార్ఖానా గోళీల మీద ఒక పక్క తెల్ల చార తొమ్మిది అంకెలా చుట్టుకుని, అవతలి పక్క తోకలా తెగి ఉంటుంది. ఆ తొమ్మిదిని వెతకడం వీళ్ళకి ఒక పిచ్చి. నా సీసాలో ఒకటి దొరికింది, ఊదారంగుది, చిన్న దెబ్బ ఉంది. గది మొత్తం ఒక్కసారి "ఓ" అంది. నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా అంత చప్పుడు కాలేదు.

ఈ ఊరికి గోళీల చరిత్ర అంతకంటే పాతది. 1884లోనే శామ్యూల్ డైక్ ఇక్కడ మట్టి గోళీలు గుట్టలుగా చేయించి చవగ్గా అమ్మాడు. తర్వాత క్రిస్టెన్సన్. మొదటి ప్రపంచ యుద్ధంతో జర్మనీ సరుకు ఆగిపోయి మెషీన్‌దే రాజ్యమయింది, కానీ ఆయన కార్ఖానా 1917లో మూతపడింది. ఇక్కడే మొదలైన యాక్రో అగేట్ కంపెనీ 1914లో వెస్ట్ వర్జీనియాలోని క్లార్క్స్‌బర్గ్ వెళ్ళిపోయి, 1951 దాకా నడిచింది. క్రిస్టెన్సన్ దగ్గర లెక్కలు రాసే మనిషే డబ్బు కాజేసి, మెషీన్ నమూనా కూడా పట్టుకెళ్ళి యాక్రో వాళ్ళతో కలిశాడని లైబ్రేరియన్ చెప్పింది. "ఆడిటింగ్ లేదా?" అని అడిగాను. అందరూ నవ్వారు. నేను నవ్వులాటకి అడగలేదు.

యాక్రో వాళ్ళ కార్క్‌స్క్రూ రకం మాత్రం చూసి తీరాలి. రెండు మూడు రంగులు ఒకదాన్నొకటి దాటకుండా ఒక కొన నుంచి ఇంకో కొనకి మెలికలు తిరుగుతాయి, జడలో రిబ్బను అల్లినట్టు. నా సీసాలో అలాంటివి పదకొండు. ఖరీదు నేను అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. ఇంటికొస్తుంటే కార్లో మా అల్లుడు ఫోన్లో చూసి, ఒక్కోటి మూడు నాలుగు డాలర్లు ఉండొచ్చన్నాడు. సీసా డబ్బులు వచ్చేసినట్టే.

ఇంకొకటి చెప్పాలి. రెండో శనివారం నర్సు తన సంచీలోంచి చిన్న టార్చి తీసి దీపాలు ఆర్పమంది. నీలం వెలుగు. నాకు ప్రాణం లేచొచ్చింది, ఇది మా కౌంటర్లో దొంగనోట్లు పట్టే దీపమేగా! అసలు నోటు మీద నంబర్లు, పోగులు మెరిసేవి. ఇక్కడ యురేనియం కలిసిన గాజు లేతాకుపచ్చగా భగ్గుమంటుంది. పగలు చూస్తే మామూలు పసుపు గోళీ. నాకూ అలాంటి టార్చి ఒకటి కొనిపెట్టమని మా అమ్మాయిని అడిగాను. కొనేవాళ్ళకి చిన్న సలహా: టార్చి మీద 365 నానోమీటర్లు (వెలుగు తరంగం కొలత) అని రాసినది కొనండి. 395 అని రాసినవి చవక, కానీ వాటి ఊదా వెలుగులో సగం సంగతి కనబడదు.

ఇక ఫిర్యాదు. మూడో శనివారం తొందరగా వెళ్ళి, బల్ల మొదలవకముందే అద్దాల బీరువాలోంచి ఒకటి కొన్నాను. బీరువా తాళం కౌంటర్లో ఉంటుంది, వాళ్ళు వచ్చి తీసేదాకా నిలబడాలి, పావుగంట నిలబడ్డాను. చీటీ మీద "జర్మనీ, చేత్తో చేసినది, మచ్చలేనిది" అని ఉంది. ముప్పై ఎనిమిది డాలర్లు. లోపల తెల్ల దారాలతో అల్లిన వల, పైన ఎరుపు, పచ్చ పట్టీలు. అందంగానే ఉంది. అక్కడి ట్యూబ్‌లైట్ల గుడ్డి వెలుగులో ఇంకా అందంగా ఉంది. బల్ల దగ్గరికి తెచ్చి దీపం కింద పెడితే లైబ్రేరియన్ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "పాలిష్ పట్టారు" అంది. దెబ్బలు తిన్న గోళీని సానపట్టి కొత్తదాన్లా చేశారన్నమాట. బొడ్డు అరిగిపోయింది, పట్టీల అంచులు తెగాయి. ఉతికి ఇస్త్రీ చేసిన నోటు లాంటిది. అసలైనదే, దొంగది కాదు, కానీ మచ్చలేనిది అని రాయడం తప్పు. పాలిష్ పట్టినదానికి సగం ధర కూడా రాదట. ఇన్నేళ్ళు నోట్లు చూసిన నేను దీన్ని పట్టుకోలేకపోయానని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కౌంటర్లో వాపసు తీసుకోవడం కుదరదన్నారు. అర అద్దెకి తీసుకున్నాయనకి ఫోన్ చేశారు. ఆయన పది డాలర్లు తగ్గించి ఇచ్చాడు గానీ చీటీల్లో రాసే మాట మార్చలేదు, తర్వాతి వారం పక్క గోళీకి అదే మాట ఉంది. అందుకే కొట్టుకి మూడు మార్కులు. అదే బీరువాలో బొమ్మలు అచ్చువేసిన కామిక్ గోళీలు రెండున్నాయి. ఇల్లినాయ్ రాష్ట్రంలోని పెల్టియర్ కంపెనీ 1930ల్లో పన్నెండు కార్టూన్ బొమ్మలతో చేసిన రకం. వాటికి నకిలీలు చాలా ఉన్నాయని బల్ల అంతా ఏకగ్రీవంగా చెప్పింది. నేను అటు చూడటం కూడా మానేశాను.

వెళ్ళేవాళ్ళు సొంత భూతద్దం తీసుకెళ్ళండి, పదింతలది. ఫోన్లో ఫొటో తీసి ఎవరినో అడగడం దండగ. గోళీ తిప్పితేనే సంగతి తెలిసేది, ఫొటో తిరగదు. కొనాలనుకున్నది ముందు బల్ల మీద పెట్టండి, తర్వాత బిల్లు కట్టండి. కౌంటర్ పిల్లని మంచిగా అడిగితే వెనక గది దాకా తీసుకెళ్ళనిస్తుంది, నాకు ఆలస్యంగా తెలిసింది. లోపల నెలవంకలా మెరిసే దెబ్బలుంటే కంగారు పడకండి, పిల్లలు నిజంగా ఆడిన గోళీలకి అవి ఉంటాయి. నాకైతే అవే ఇష్టం, ధర తగ్గుతుంది కాబట్టి కూడా.

నాలుగో వారం మా మనవణ్ణి తీసుకెళ్ళాను, తొమ్మిదేళ్ళు. ఆ పన్నెండేళ్ళ పిల్ల వాడికి ఇక్కడి ఆట నేర్పింది: పదడుగుల వలయం, మధ్యలో కూడిక గుర్తులా పదమూడు గోళీలు, ఏడు ముందుగా బయటికి కొట్టినవాళ్ళు గెలిచినట్టు. పిడికిలి నేలకి ఆనించి బొటనవేలితో చిమ్మాలి. నేను మన పద్ధతి చూపించాను: బొటనవేలు నేల మీద పాతి, రెండో చేత్తో గోళీని వేలికి ఆనించి విల్లులా వెనక్కి లాగి వదలడం. నేనెప్పుడూ ఆడలేదు, చూసిందే. మొదటి దెబ్బ గోడకి తగిలింది. మూడోది తగలాల్సిన చోటే తగిలింది. టోపీ పెద్దాయన వంగి నా వేళ్ళు చూసి, "ఇది ఎక్కడి పట్టు?" అన్నాడు. "మా అన్నయ్యది" అన్నాను.

ఆ మాటల్లోనే సోడా సంగతి వచ్చింది. మా ఊళ్ళో సోడా సీసా మెడలో గోళీ ఉంటుందని, లోపలి గ్యాసే దాన్ని పైకి నొక్కి మూతలా పట్టుకుంటుందని చెప్పాను. టోపీ పెద్దాయనకి తెలుసు! ఇంగ్లండులో కాడ్ అనే ఆయన 1870ల్లో చేసిన సీసా అది. పాత సీసాలు ఏరుకునేవాళ్ళకి ఇక్కడ బాగా పరిచయమట. కానీ ఇప్పటికీ అందులో సోడా పోసి అమ్ముతున్నారంటే నమ్మలేదు. మా అన్నయ్యకి వీడియో కాల్ చేశాను. అక్కడ రాత్రి తొమ్మిది. అన్నయ్య లుంగీ మీదే సందు చివరి బండి దగ్గరికెళ్ళి, ఫోన్ ఎదురుగా పెట్టి ఒక సోడా కొట్టించాడు. ఆ చప్పుడికి బల్ల చుట్టూ చప్పట్లు.

విడి సోడా గోళీకి వీళ్ళ లెక్కలో విలువేం లేదు, ఉత్త ఆకుపచ్చ గాజు, గీతా లేదు, మెలికా లేదు. అయినా టోపీ పెద్దాయన మార్పిడికి సిద్ధం. నేను ఒక సీసా తెస్తే, తన తొమ్మిది గుర్తు గోళీల్లో ఒకటి, దెబ్బ లేనిది, నాకిస్తానన్నాడు. గోళీ ఒక్కటే వద్దట, మెడ పగలకుండా మొత్తం సీసా కావాలట. వచ్చే ఏడాది మళ్ళీ వస్తాను. అన్నయ్య అప్పుడే మూడు సీసాలు కడిగి ఆరబెట్టాడు, ఒకటి పగిలినా రెండుంటాయని. పచ్చళ్ళ పక్కన పెట్టొద్దని మా అమ్మాయి ఇప్పటి నుంచే చెబుతోంది.