డాట్‌నెట్‌లో స్ట్రక్ట్ కంపేరర్: చాలాకాలం వాడాక నా సమీక్ష

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్ మీద నడిచే సీ షార్ప్ భాషలో సార్టింగ్ (వరుసలో పేర్చడం) నెమ్మదిగా ఉందంటే అందరూ ముందు అల్గారిథమ్‌నే అనుమానిస్తారు. ఎక్కువసార్లు అసలు దొంగ పోల్చే కాల్, అంటే రెండు మూలకాలను పోల్చడానికి ఫంక్షన్‌ను పిలవడం. అర్రే సార్ట్‌కి లాంబ్డా (అక్కడికక్కడే రాసే పేరులేని ఫంక్షన్) ఇస్తే అది డెలిగేట్ (ఫంక్షన్‌ను చూపే ఆబ్జెక్ట్) అవుతుంది, లోపలి లూప్ ప్రతి పోలికకూ దాని గుండానే పోవాలి. పది లక్షల మూలకాలకు ఎన్ లాగ్ ఎన్ లెక్కన సుమారు 2 కోట్ల పోలికలు. ఒక్కో కాల్‌కు ఒక నానోసెకను వేసుకున్నా 20 మిల్లీసెకన్లు పిలవడానికే ఖర్చు. పైగా కాల్ అవతల ఏముందో కంపైలర్‌కు కనబడదు. ఒక్క ఇన్‌స్ట్రక్షన్‌తో తేలిపోయే పూర్ణాంకాల పోలికకు కూడా రిజిస్టర్లు సర్ది, దూకి, తిరిగి రావాల్సిందే.

దీనికి మందు, పోల్చే పద్ధతిని విలువగా కాకుండా టైపుగా పంపడం. సార్ట్ ఫంక్షన్‌కు రెండు టైప్ పారామీటర్లు పెట్టండి: ఒకటి మూలకానిది, రెండోది కంపేరర్‌ది (పోల్చే పని చేసే టైపు). రెండోదాని మీద రెండు షరతులు: అది స్ట్రక్ట్ (రిఫరెన్స్‌గా కాక నేరుగా విలువగా ఉండే వాల్యూ టైప్) కావాలి, మీ పోలిక ఇంటర్‌ఫేస్‌ను (ఏ మెథడ్‌లు ఉండాలో చెప్పే ఒప్పందం) అమలు చెయ్యాలి. స్ట్రక్ట్ అన్న మాటే ఇక్కడ ప్రాణం. టైప్ ఆర్గ్యుమెంట్ వాల్యూ టైప్ అయితే జిట్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పనిచేసే కంపైలర్) ఆ జతకు విడిగా మెషీన్ కోడ్ తయారుచేస్తుంది, ఏ మెథడ్‌ను పిలవాలో దానికి కచ్చితంగా తెలుస్తుంది, ఇన్‌లైన్ చేసేస్తుంది (కాల్ తీసేసి ఆ మెథడ్ కోడ్‌నే అక్కడ పెడుతుంది). క్లాస్ ఇస్తే రిఫరెన్స్ టైపులన్నిటికీ ఒకే ఉమ్మడి కోడ్ వాడుతుంది, కాబట్టి మళ్లీ ఇంటర్‌ఫేస్ కాల్‌కే వస్తాం. క్లాస్‌ను సీల్డ్ (దాని నుంచి వేరే క్లాస్ పుట్టకుండా) చేసినా ఆ ఉమ్మడి కోడ్ లోపల ఒరిగేదేమీ లేదు.

ఇంటర్‌ఫేస్‌ను సొంతంగా రాసుకోవడమే మేలు. లైబ్రరీలోని ఐకంపేరర్ మూడు రకాల జవాబు ఇస్తుంది (నెగెటివ్, సున్నా, పాజిటివ్), సార్ట్‌కు కావలసింది ‘ఇది చిన్నదా’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు. మూడు దారుల ఫలితం తయారుచేసి వెంటనే సున్నాతో పోల్చే పనిని ఇన్‌లైన్ అయ్యాక కూడా జిట్ ప్రతిసారీ పూర్తిగా మడిచెయ్యదు. బూల్ ఇచ్చే లెస్ మెథడ్ అయితే ఒక కంపేర్, ఒక బ్రాంచ్‌తో సరిపోతుంది. మూలకాలు 16 బైట్లు మించిన స్ట్రక్ట్‌లైతే పారామీటర్లకు ‘ఇన్’ పెట్టి (కాపీ కాకుండా రిఫరెన్స్‌గా పంపి), మూలకం స్ట్రక్ట్‌ను రీడ్‌ఓన్లీ చెయ్యండి. లేకపోతే కంపైలర్ చేసే రక్షణ కాపీలు పుట్టుకొచ్చి లాభాన్ని తినేస్తాయి.

రెండు పూర్ణాంకాలను తీసివేసి ఆ ఫలితాన్నే పోలికగా వాడే పాత చిట్కాను మాత్రం దగ్గరికి రానివ్వకండి. 200 కోట్లలోంచి మైనస్ 200 కోట్లు తీసేస్తే 400 కోట్లు రావాలి. 32 బిట్లలో అది పట్టక −29,49,67,296 అవుతుంది, పెద్దది చిన్నదైపోతుంది. ఫ్లోట్, డబుల్ సంఖ్యలకు ఇంకో తద్దినం ఉంది: నాన్ (‘సంఖ్య కాదు’ అనే ప్రత్యేక విలువ) ఉంటే ‘కంటే చిన్న’ గుర్తు ఎప్పుడూ ఫాల్స్ ఇస్తుంది కాబట్టి వరుస నిశ్శబ్దంగా చెడిపోతుంది. లైబ్రరీ సార్ట్ నాన్‌లను ముందుకు జరిపి ఆ తర్వాతే పోల్చడం మొదలుపెడుతుంది. సొంత సార్ట్‌లో ఆ పని మీదే.

ఇక ఈ పద్ధతి మీద నా అసలు ఫిర్యాదు: ఇన్‌లైనింగ్ ఎక్కడ తెగిందో అది చెప్పదు. లోపల ఎక్కడో ఒకచోట కంపేరర్‌ను ఇంటర్‌ఫేస్ వేరియబుల్‌లో దాచారా, బాక్సింగ్ (స్ట్రక్ట్‌ను ఆబ్జెక్ట్‌లో చుట్టడం) జరుగుతుంది, కోడ్ నడుస్తుంది, వేగం మాత్రం పోతుంది. డాట్‌నెట్ 5లో వచ్చిన స్పాన్ (వరుస మెమరీ ముక్కను చూపే టైపు) సార్ట్‌ను చూడండి. కంపేరర్‌ను టైప్ పారామీటర్‌గానే తీసుకుంటుంది, తీరా సోర్సు తెరిస్తే స్ట్రక్ట్ కంపేరర్ బాక్స్ అవుతుందని కామెంట్ రాసి ఉంటుంది! మెథడ్ సంతకం (పేరు, పారామీటర్ల వరస) చూసి మోసపోయేది ఇక్కడే. అందుకే ఇంట్రోసార్ట్‌ను సొంతంగా రాసుకోవాల్సి వస్తుంది: క్విక్‌సార్ట్, 16 లోపు ముక్కలకు ఇన్సర్షన్ సార్ట్, లోతు హద్దు దాటితే హీప్‌సార్ట్. వంద లైన్ల లోపే. స్పాన్ బైనరీ సెర్చ్‌కు ఈ జబ్బు లేదు, ఐకంపేరర్ అమలు చేసే స్ట్రక్ట్‌తో దాన్ని నేరుగా వాడుకోవచ్చు.

ఇన్‌లైన్ అయిందో లేదో ఊహించకండి. డాట్‌నెట్ 7 నుంచి మామూలు రన్‌టైమ్‌లోనే జిట్ డిసాసెంబ్లీని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో చూడొచ్చు. లోపలి లూప్‌లో కాల్ ఇన్‌స్ట్రక్షన్ కనబడితే ఎక్కడో తెగినట్టే. లెస్ మెథడ్ ఐఎల్ (జిట్‌కు అందే మధ్యంతర కోడ్) 16 బైట్ల లోపు ఉంటే దిగులు లేదు, మరీ పెద్దదైతే అగ్రెసివ్ ఇన్‌లైనింగ్ అట్రిబ్యూట్ లేనిదే జిట్ దాన్ని ముట్టుకోకపోవచ్చు. కొలిచేటప్పుడు జిట్ కోడ్‌ను దశలవారీగా మెరుగుపరిచే టైర్ల సంగతి మరిచిపోవద్దు. మొదటి టైర్‌లో ఇన్‌లైనింగే ఉండదు, కాబట్టి స్టాప్‌వాచ్‌తో ఒకసారి నడిపి తీసుకున్న అంకెకు విలువ లేదు. బెంచ్‌మార్క్‌డాట్‌నెట్ అనే కొలత లైబ్రరీతో, వార్మప్ అయ్యాక కొలవండి. ప్రతి పరుగుకూ అర్రేను మళ్లీ కలగాపులగం చెయ్యండి, లేకపోతే రెండోసారి నుంచి వరుసలో ఉన్న దత్తాంశాన్నే కొలుస్తుంటారు.

డాట్‌నెట్ 8లో డైనమిక్ పీజీఓ (నడిచే తీరును గమనించి కోడ్‌ను మెరుగుపరచడం) డిఫాల్ట్ అయ్యాక ఈ పద్ధతి ఆధిక్యం తగ్గిందన్నది నిజమే. ఒకే లాంబ్డా పదేపదే వస్తుంటే రన్‌టైమ్ దాన్ని పసిగట్టి, ఒక చిన్న పరీక్ష పెట్టి ఇన్‌లైన్ చెయ్యగలదు. కానీ ఒకే సార్ట్ కోడ్ గుండా నాలుగైదు లాంబ్డాలు సమానంగా పోతుంటే ఆ ఊహ పనిచెయ్యదు. స్ట్రక్ట్ కంపేరర్‌కు ఊహలతో పనే లేదు. దానికి మూల్యం కోడ్ సైజు: 5 టైపులు, 4 కంపేరర్లు కలిస్తే 20 కాపీలు, వాటి జిట్ సమయం అదనం.

స్ట్రింగ్‌లకు దీన్ని వాడి ఆయాసపడొద్దు. డిఫాల్ట్ పోలిక కల్చర్‌ను (భాష, ప్రాంతపు నియమాలను) బట్టి నడుస్తుంది, దాని ఖర్చు ముందు కాల్ ఖర్చు ఏ మూలకు? ముందు ఆర్డినల్ (అక్షరాల కోడ్ అంకెలనే పోల్చే) పోలికకు మారండి. డిక్షనరీ విషయంలో సలహా పూర్తిగా ఎదురు: కీ స్ట్రక్ట్ అయితే దానికి ఐఈక్వేటబుల్ (రెండూ సమానమా అని చెప్పే ఇంటర్‌ఫేస్) రాసి, కంపేరర్ ఏదీ ఇవ్వకుండా వదిలెయ్యండి. డిఫాల్ట్ దారిని జిట్ నేరుగా ఇన్‌లైన్ చేస్తుంది, మీరు కంపేరర్ ఇస్తే అది ఇంటర్‌ఫేస్ కాల్ అవుతుంది.