40 యూరోల ఇంటిపేరు పత్రం: ఫ్రేమ్ బాగుంది, రాతే దండగ

ఇటలీలోని టూరిన్‌లో మా ఓనరమ్మ ఇంటిపేరు మెస్సీనా, అది సిసిలీ దీవిలో ఒక రేవు ఊరి పేరు. వాళ్ళ నాన్న ఫియట్ ఫ్యాక్టరీలో పనికి సిసిలీ నుంచి ఇక్కడికి వచ్చారట. ఆవిడ పుట్టినరోజుకి ఏం కొనాలో తోచక, టూరిస్టులు తిరిగే వీధిలో ఒక షాపులో "మీ ఇంటిపేరు చరిత్ర" అని అమ్మే పత్రం 40 యూరోలు పెట్టి చేయించాను.

దూరం నుంచి చూస్తే బాగుంది, అంచులు కాల్చినట్టు, మధ్యలో డాలు, దాని మీద సింహం. దగ్గరికెళ్తే ఆ కాలిన అంచు కూడా ప్రింటే. కథ మొత్తం ఆరు లైన్లు, "అతి ప్రాచీన వంశం, శౌర్యానికి పెట్టింది పేరు" అంటూ ఎవరికైనా అతికే మాటలు. పైగా మూడో లైనులో మెస్సీనా అని ఉండాల్సిన చోట కటానియా (సిసిలీలోనే ఇంకో ఊరు) అని ఉంది, అంటే ఇంకెవరిదో కాపీ కొట్టి ఊరిపేరు ఒకచోట మార్చడం మర్చిపోయారన్నమాట! ఓనరమ్మ కళ్ళజోడు పెట్టుకుని చదివి పడీపడీ నవ్వింది, వాళ్ళ తాత చేపలమ్మేవాడట. అయినా కౌంట్, డ్యూక్ లాంటి బిరుదుల్ని గుర్తించబోమని ఇటలీ 1948 రాజ్యాంగంలోనే రాసుకుంది, ఇంకా ఈ సింహాలెందుకో.

నాకు ఒళ్ళు మండింది ఎందుకంటే ఈ పేరుకి అసలు కథ బ్రహ్మాండంగా ఉంది. మెస్సీనా ఊరి పాత పేరు జాంక్లే, అంటే కొడవలి. రేవు దగ్గర నేల సముద్రంలోకి కొడవలిలా వంగి ఉంటుంది, మ్యాప్ తెరిస్తే ఇప్పటికీ కనిపిస్తుంది. వాళ్ళ పాత వెండి నాణెం మీద కూడా అదే వంపు, లోపల ఒక డాల్ఫిన్. క్రీ.పూ. 5వ శతాబ్దంలో జలసంధికి అవతల రేజియోని ఏలే అనాక్సిలాస్ ఈ ఊరిని పట్టుకుని, తన పూర్వీకులది గ్రీసులోని మెస్సేనియా కాబట్టి ఆ పేరే పెట్టాడు. అది ఇంటిపేరెలా అయిందంటే, మన బెజవాడవారు, నెల్లూరువారు ఎలా అయ్యారో అలాగే. సొంతూళ్ళో ఉన్నవాణ్ణి ఊరిపేరుతో ఎవరు పిలుస్తారు, పొరుగూరు వెళ్తేనే కదా "ఆ మెస్సీనా వాడు" అనేది.

ఇందులో ఒక్క ముక్కా పత్రంలో లేదు. షాపుకెళ్ళి అడిగితే కటానియా ఒక్కటి దిద్ది ఇస్తాం, రెండు వారాలు ఆగమన్నారు. వద్దన్నాను. ఈ పత్రానికి నా మార్కులు 5కి 2, ఆ రెండూ చెక్క ఫ్రేముకే. ఆ నాణెం బొమ్మ రంగుల్లో ప్రింట్ తీసి అదే ఫ్రేములో పెట్టిస్తే, ఓనరమ్మ వంటింట్లో పొయ్యి పక్కన తగిలించుకుంది.