పిన్నులు ఊడాక పనికొచ్చిన పుస్తకం

మూడేళ్ళ కిందట విశాఖలో ఆరు బొమ్మల గేయాల పుస్తకాలు కొన్నాను, సొంత డబ్బుతోనే. మాది పర్లాకిమిడి దగ్గర ఒడియా మీడియం బడి. రెండు, మూడు తరగతులు ఒకే గదిలో. సగం మందికి పైగా ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో మాత్రం తెలుగు అక్షరం లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరగంట దొరికితే ఈ పుస్తకాలు తీస్తాను.

మొదటి ఏడాది కనబడిన వాళ్ళందరికీ వీటి గొప్పే చెప్పాను. నెల తిరక్కుండా పిల్లలు గడగడా చదివేస్తున్నారని మురిసిపోయాను. ఆ మాట ఇప్పుడు కొంచెం వెనక్కి తీసుకోవాలి.

రెండో వానాకాలంలో ఒక పుస్తకం పిన్నులు తుప్పుపట్టి ఊడిపోయాయి. పిల్లలు లాక్కునే పుస్తకాన్ని రెండు పిన్నులతో సరిపెడతారా అని ఒళ్ళు మండింది. పదహారు పేజీల పుస్తకం, షీటుకి నాలుగు పేజీలు. విడిపోయిన షీటులో నాలుగో పేజీ పక్కన పదమూడో పేజీ! నాలుగులో వాన పాట మొదటి సగం, పదమూడులో తాతయ్య పాట రెండో సగం.

ఒక గుంటడు అది పట్టుకుని ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. మబ్బులు ఉరిమాయి, చినుకులు రాలాయి, కప్పలు... అంటూ ఆగిపోయాడు. కుడిపక్క కప్పల్లేవు. తాతయ్య ఉన్నాడు, చేతిలో సంచి ఉంది. అప్పుడు వేలు పెట్టి కూడబలుక్కున్నాడు. ఒడియా 'ఠ' అచ్చం మన సున్నాలాగే ఉంటుంది. వాడు 'సంచి'ని 'సఠచి' అన్నాడు. పక్కనున్న పిల్ల బొమ్మ చూపించి దిద్దింది. మొత్తానికి తేలింది, తాతయ్య సంచిలో లడ్డూలు దొరికాయట. వాన పడితే లడ్డూలేంటి? గది గొల్లుమంది. "అవి వడగళ్ళు టీచర్, తాతయ్య ఏరుకున్నాడు" అంది ఆ పిల్లే.

ఏడాదిగా నేను చదువు అనుకున్నది బొమ్మ చూసి కంఠస్థం అప్పజెప్పడమే అని ఆ రోజు తెలిసింది. ఇక వారం రోజులు షీట్లు మార్చుకుంటూ ఒకటే గోల. 'రాలాయి', 'దొరికాయి' లాగా చివర కలిస్తే ఒప్పుకునేవారు, కలవకపోతే "అతకలేదు టీచర్" అని పక్కన పడేసేవారు. ప్రాస గురించి నేనేమీ చెప్పలేదు.

ఆశపడి ఇంకో పుస్తకం పిన్నులు నేనే పీకాను. అందులో ఒక్కో గేయం ఒక్కో పేజీలోనే ముగుస్తుంది కాబట్టి ఏమీ జరగలేదు. సూదీ దారంతో మళ్ళీ కుట్టేశాను. పైగా దాంట్లో 'వర్షము', 'పుష్పము' లాంటి మాటలు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరి పక్కన ఇవి చదివించడానికి నాకు మనసొప్పక పెన్సిలుతో వాన, పువ్వు అని దిద్దాను.

కొనమంటారా అంటే, మా గదిలో ముప్పైమంది లోపే. పుస్తకానికి ఐదారుగురు చుట్టూ కూర్చోగలరు. అరవైమంది ఉన్న చోట బొమ్మ వెనక వరసకి కనబడదు. తెలుగు అక్షరాలు ముందే వచ్చిన పిల్లలకి ఈ తికమక ఇంత సరదాగా ఉండకపోవచ్చు. మా దగ్గరున్న ముగ్గురు సవర గిరిజన పిల్లలకైతే వడగళ్ళ జోకు విడమరిచి చెప్పాల్సి వచ్చింది. నవ్వు రాలేదు గానీ, వడగళ్ళని వాళ్ళింట్లో ఏమంటారో చెప్పారు. ఆ మాట పదమూడో పేజీ అంచున ఒడియా అక్షరాల్లో రాసుకున్నాం.