ఒంగోలు లాయర్‌పేటలో ఆదివారం సైకాలజీ తరగతి: పేర్లకంటే ముందు పద్ధతి

ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్‌లో 150 మార్కులకు శిశు వికాసం, పెడగాగీ (బోధనాశాస్త్రం) వాటా 30. అందుకే ఒంగోలులో సైకాలజీ చెప్పే కోచింగ్ సెంటర్లకు కొదవ లేదు. చాలా చోట్ల అది ‘జతపరచండి’తో మొదలై అక్కడే ముగుస్తుంది: మనస్తత్వవేత్తల పేర్ల పక్కన సంవత్సరాలు, వుంట్ పక్కన 1879, వాట్సన్ పక్కన 1913. లాయర్‌పేటలో ఒక మేడ మీద, డిగ్రీ కాలేజీలో పనిచేసి రిటైరైన మాస్టారు ఆదివారాల్లో చెప్పే తరగతి అలాంటిది కాదు. మూడు నెలల కోర్సు, ఫీజు 3,500 రూపాయలు. నేను టంగుటూరులో ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతాను. ఈ కోర్సు ఇటీవలే పూర్తి చేశాను.

మొదటి రోజు వుంట్ ప్రస్తావనే రాలేదు. మాస్టారు బోర్డు మీద గుర్రం బొమ్మ వేశారు. బెర్లిన్‌లో ఫాన్ ఆస్టెన్ అనే విశ్రాంత లెక్కల ఉపాధ్యాయుడి దగ్గర హాన్స్ అనే గుర్రం ఉండేది. కూడిక అడిగితే, జవాబు ఎంతో అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. సంక్రాంతికి మన వాకిట్లో గంగిరెద్దు తల ఊపితే దానికి మాటలు అర్థమయ్యాయని మనం అనుకోం. హాన్స్‌కు మాత్రం లెక్కలు వచ్చని పెద్ద చదువులు చదివినవాళ్లూ నమ్మారు. ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే మనస్తత్వ పరిశోధకుడు ఒక్క మార్పు చేసి చూశాడు: ప్రశ్న అడిగే మనిషికే జవాబు తెలియకుండా ఏర్పాటు చేశాడు. గుర్రం తప్పింది. అడిగే మనిషి దానికి కనబడకుండా చేసినా తప్పింది. సరైన సంఖ్య రాగానే అడిగేవారి తలలోనో ముఖంలోనో ఒక సన్నని కదలిక వచ్చేది, గుర్రం దాన్ని పట్టుకునేది. తాము కదిలిన సంగతి ఆ మనుషులకే తెలియదు. 1907లో ఫుంగ్‌స్ట్ ఇదంతా పుస్తకంగా రాశాడు.

“ఇందులో అతను మార్చింది ఏమిటి, కొలిచింది ఏమిటి, మారకుండా ఉంచింది ఏమిటి?” అని మాస్టారు అడిగారు. స్వతంత్ర చరం, పరతంత్ర చరం, నియంత్రణ అనే మాటలు ఆ తర్వాతే బోర్డెక్కాయి. నాకు ఆ పాఠం బడిలో పనికొచ్చింది. “ఏడు ఎనిమిదులు ఎంత?” అని అడిగితే పిల్లలు గోడమీది ఎక్కాల వైపు కాదు, నా ముఖం వైపు చూస్తారు. ఇప్పుడు జవాబులు పలక మీద రాయించి, పలకలు బోర్లా పెట్టించి, అందరూ రాశాకే చూస్తున్నాను.

సహసంబంధానికి, అంటే రెండు సంగతులు కలిసి మారడానికి, ఆయన ఇచ్చిన ఉదాహరణ పొదలకూరు మార్కెట్‌ది. ఎండాకాలంలో నిమ్మకాయల ధర పెరుగుతుంది, వడదెబ్బ కేసులూ పెరుగుతాయి. ధర పెరగడం వల్ల వడదెబ్బ తగిలిందా? రెండింటి వెనకా ఉన్నది ఎండ. రెండు సంగతులు కలిసి పెరిగాయని విన్నప్పుడల్లా మూడోది వెతకండి అన్నారు. పత్రికల్లో వచ్చే సర్వే వార్తల్ని నేను చదివే తీరు దీనితో మారింది.

సైకాలజీలోని వాదాలను కూడా ఆయన పద్ధతి మీద వచ్చిన తగాదాలుగా చెప్పారు. లైప్జిగ్‌లో వుంట్ ప్రయోగశాల పెట్టినప్పుడు ఒక సాధనం అంతఃపరిశీలన, అంటే తన అనుభవాన్ని తానే గమనించి చెప్పడం. కార్నెల్‌లో టిచనర్ దాన్నే ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. మరి ఇద్దరు పరిశీలకులు తమ అనుభవాన్ని రెండు రకాలుగా చెబితే తీర్పు ఎవరిది? ఆ చిక్కు నుంచే, బయటికి కనబడే ప్రవర్తననే కొలుద్దాం అన్న వాట్సన్ మాటకు బలం వచ్చింది. థార్న్‌డైక్ పిల్లులు పెట్టెలో తడుముకుని తడుముకుని గడియ తీశాయి, అది యత్న-దోష అభ్యసనం. టెనెరిఫ్ దీవిలో కోహ్లర్ చింపాంజీ సుల్తాన్ రెండు కర్రలు జతచేసి పండు లాక్కుంది, అది అంతర్దృష్టి, అంటే దారి ఒక్కసారిగా తట్టడం. గడియ ఎలా పనిచేస్తుందో కనబడని పెట్టెలో పిల్లికి అంతర్దృష్టి ఎక్కడినుంచి వస్తుందన్నది కోహ్లర్ వర్గమైన గెస్టాల్ట్ వాళ్ల అభ్యంతరం. ప్రయోగం ఏ అవకాశం ఇస్తే అదే సిద్ధాంతంగా బయటపడుతుందని నాకు అప్పుడు తట్టింది. ఏ గైడులోనూ నాకు ఇది దొరకలేదు.

1920 నాటి చిన్నారి ఆల్బర్ట్ ప్రయోగానికి గంట పైగా ఇచ్చారు. వాట్సన్, రేనర్ ఇనుప కడ్డీ మీద సుత్తితో కొట్టి, ఆ చప్పుడుతో ఒక పసివాడికి తెల్ల ఎలుకంటే భయం పుట్టించారు. ఆ భయాన్ని పోగొట్టకుండానే ప్రయోగం ముగించారు. కొత్తపట్నం నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, “సార్, వాళ్లమ్మ ఊరుకుందా?” అంది. “అడగవలసిన ప్రశ్నే అమ్మా. ఈ రోజుల్లో దీనికి అనుమతి రాదు” అని, ఒక్క బిడ్డ మీద చేసినదాన్ని పిల్లలందరికీ వర్తింపజేయడంలోని లోపాన్నీ చూపించారు. మరుసటి వారం ఎబింగ్‌హాస్ పాఠం వచ్చినప్పుడు ఆ అమ్మాయే, మనం ఎంత వేగంగా మరచిపోతామో చూపే 1885 నాటి ఆ విస్మృతి వక్రరేఖ కూడా ఒక్క మనిషి లెక్కే కదా అంది. నిజమే, తనమీద తానే చేసుకున్నాడు. కానీ 2015లో మళ్లీ చేసి చూస్తే వక్రరేఖ దాదాపు అలాగే వచ్చిందని మాస్టారు చెప్పారు. ఒకరు చెప్పినదాన్ని మరొకరు మళ్లీ చేసి చూడటం ఈ శాస్త్రానికి ప్రాణమని ఆ రోజు బాగా అర్థమైంది.

లోపాలు గట్టివే ఉన్నాయి. ఫ్రాయిడ్, మాస్లో, రోజర్స్ ముగ్గురినీ ఒకే పూటలో పరుగెత్తించారు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో చెప్పే పియాజె దశలు చివరి వారం హడావిడిగా అయిపోయాయి. టెట్ రాసేవారికి ఇది నిజంగా నష్టం, ఎందుకంటే ప్రశ్నలు ఎక్కువగా అక్కడే వస్తాయి. నోట్సు జిరాక్సులు మసక, పావ్‌లోవ్ ప్రయోగంలోని కుక్క బొమ్మలో లాలాజలం పట్టే గొట్టం ఎక్కడుందో కనబడదు. బిట్ల సాధన దాదాపు లేదు. దానికి నేను వేరే పుస్తకం కొనుక్కున్నాను.

పరీక్ష నెలలోపే ఉంటే ఈ తరగతి వద్దు. సమయం ఉన్నవారు, ముఖ్యంగా ఇప్పటికే బడిలో పనిచేస్తున్నవారు తప్పక చేరండి. ఉదయం బ్యాచ్‌లోనే చేరండి. మధ్యాహ్నం బ్యాచ్ ఆలస్యంగా వదులుతారు, కందుకూరు వైపు వెళ్లేవారికి బస్సు ఇబ్బంది. ముందు ఒక ఆదివారం ఫీజు కట్టకుండా కూర్చుని వినవచ్చు, మాస్టారు ఏమీ అనుకోరు.