డాబా మీద కరెంటా, కర్నూలు కరెంటా: డెల్టాలో ఏది మేలు?

సౌర విద్యుత్తు చవకైపోయిందన్న మాట ఇప్పుడు భీమవరం టీ కొట్ల దాకా వచ్చింది. అబద్ధం కాదు. అయితే చవకైంది ఎవరికి అన్నది వేరే ప్రశ్న. ఉమ్మడి కర్నూలు జిల్లాలో గని, శకునాల గ్రామాల దగ్గర దాదాపు 6,000 ఎకరాల్లో పరుచుకున్న 1,000 మెగావాట్ల పార్కులో యూనిట్ ధర ఒకటి. అమలాపురంలో డాబా మీద తయారయ్యే యూనిట్ ధర ఇంకొకటి. మన ఇంటి బిల్లులో పడే ధరకు ఆ రెండింటితోనూ పోలిక లేదు. ఏది మేలో తేలాలంటే ఈ మూడింటినీ విడదీసి చూడాలి.

ముందు పెద్ద పార్కుల సంగతి. 2010 చివర్లో జాతీయ సౌర మిషన్ తొలి వేలంలో వచ్చిన అతి తక్కువ ధర యూనిట్‌కు 10.95 రూపాయలు. 2015 నవంబరులో కర్నూలు పార్కుకు జరిగిన వేలంలో అది 4.63కు దిగింది. 2017 ఏప్రిల్‌లో కడపలో 3.15, మరుసటి నెలలోనే రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44. 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1.99 పలికింది. ఆ తర్వాత దిగుమతి ప్యానెళ్ళపై 2022 ఏప్రిల్ నుంచి 40 శాతం కస్టమ్స్ సుంకం పడటంతో రేట్లు మళ్ళీ రెండున్నర రూపాయల చుట్టుపక్కలకు చేరాయి. ఎలా చూసినా పదేళ్ళలో ధర పాతాళానికి దిగినట్టే. చైనా ఫ్యాక్టరీల్లో ప్యానెళ్ళ ఉత్పత్తి విపరీతంగా పెరగడం, వేలంలో కంపెనీలు ఒకరి మీద ఒకరు పడి ధర తగ్గించడం, తక్కువ వడ్డీకి పెట్టుబడి దొరకడం, ఇవీ కారణాలు.

మరి ఈ రెండున్నర రూపాయల కరెంటు మన బిల్లులో ఎందుకు కనిపించదు? సూర్యుడు అస్తమించాకే ఇళ్ళలో ఏసీలు మొదలవుతాయి కాబట్టి. సాయంత్రం ఆరు నుంచి రాత్రి పది దాకా డిస్కం, అంటే మనకు కరెంటు పంచే సంస్థ, బొగ్గు కరెంటు మీదా, జలవిద్యుత్తు మీదా, మార్కెట్లో ఎక్కువ ధరకు కొన్న కరెంటు మీదా ఆధారపడాలి. ఆ ఖర్చంతా కలిపి, లైన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, దారిలో నష్టాలు, జీతాలు కూడా చేర్చి మనకు ఒకే బిల్లు పంపుతుంది. పార్కుల చవక ఆ మొత్తంలో కలిసిపోతుంది. లాభం లేదనను, అవి లేకపోతే బిల్లు ఇంకా పెరిగేది. కానీ ఆ లాభం చేతికి తగిలేది కాదు.

డాబా సోలార్ దారి వేరు. ఉత్పత్తి ఖర్చులో అది పార్కుతో ఎప్పటికీ పోటీపడలేదు. ప్యానెల్ ధర పడిపోయిన మేరకు ఇంటి సోలార్ ధర పడిపోలేదు, ఎందుకంటే ఇంటి బిగింపులో ప్యానెల్ ఒక భాగమే. ఇనుప స్టాండు, ప్యానెల్ కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే ఇన్వర్టర్, తీగలు, ఎర్తింగ్, కూలీ, మీటరు మార్పు, ఇవన్నీ 2 కిలోవాట్లకైనా పెట్టాల్సిందే. పైగా కేంద్రం ఇచ్చే రాయితీ కావాలంటే మన దేశంలో తయారైన సెల్స్‌తో చేసిన ప్యానెళ్ళే వాడాలి, వాటి ధర ఎక్కువ. అయినా డాబా ఎక్కడ గెలుస్తుందంటే, అది పోటీపడాల్సింది పార్కు ధరతో కాదు, మీ బిల్లులోని చివరి శ్లాబుతో.

లెక్క చూద్దాం. రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన గృహ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75. నెలకు 300 యూనిట్లు వాడే ఇంటికి యూనిట్ల ఛార్జీ సుమారు 1,673 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలు, సుంకాలు దీనికి అదనం. ఒక కిలోవాట్ ఏడాది సగటున రోజుకు దాదాపు 4 యూనిట్లు ఇస్తుంది కాబట్టి, 2 కిలోవాట్లు పెడితే నెలకు 240 యూనిట్లు వస్తాయి. మనం లైనుకు ఇచ్చిన కరెంటును వాడినదాంట్లోంచి తీసేసి లెక్కకట్టే నెట్ మీటరులో మిగిలేది 60 యూనిట్లు, వాటికి 147 రూపాయలు. అంటే నెలకు 1,500 పైన మిగులు. 2 కిలోవాట్లకు లక్షా పాతిక వేల దాకా అవుతుందనుకుంటే, డాబా సోలార్‌కు కేంద్రం రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం కింద 60,000 వెనక్కి వస్తుంది. చేతి నుంచి పెట్టింది దాదాపు నాలుగేళ్ళలో తిరిగి వస్తుంది. రాష్ట్రం బీసీ కుటుంబాలకు ఇస్తామన్న అదనపు 20,000 అందితే ఇంకా త్వరగా.

ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తున్నారు. రాయితీ 3 కిలోవాట్లకు 78,000 అనగానే మూడుకే మొగ్గు చూపుతారు, ఏజెంటు కూడా అదే చెబుతాడు. పైన చెప్పిన 300 యూనిట్ల ఇంటికి మూడో కిలోవాట్ ఆదా చేసేది ఆ మిగిలిన 147 రూపాయలు మాత్రమే. దాని మీద వచ్చే మిగులు యూనిట్లకు డిస్కం ఇచ్చే ధర మీ ఎనిమిది ముప్పావు శ్లాబు కాదు. మూడో కిలోవాట్‌కు అదనంగా దొరికే రాయితీ కూడా 18,000 మాత్రమే. రెండు ఏసీలు నడిచే 500 యూనిట్ల ఇల్లయితే మాట మారుతుంది: అక్కడ 3 కిలోవాట్లు నెలకు 3,000 దాకా మిగులుస్తాయి.

నెలకు 100 యూనిట్లు వాడే ఇంటికి మాత్రం నేను డాబా సోలార్ సిఫారసు చేయను. ఆ ఇంటి బిల్లు 300 రూపాయల చిల్లర. పెట్టింది తిరిగి రావడానికి పదేళ్ళు పడుతుంది, ఈలోగా ఇన్వర్టర్ మార్చాల్సి రావచ్చు. అలాంటి ఇంటికి పెద్ద పార్కుల చవకే దిక్కు, ప్రభుత్వం శ్లాబుల రూపంలో ఆ చవకను ఎంతవరకు పంచితే అంత.

డబ్బు లెక్క కుదిరినా డెల్టా ఒప్పుకోవాలి కదా. కోనసీమలో అసలు శత్రువు కొబ్బరిచెట్టు. మధ్యాహ్నం మూడింటికి పక్క దొడ్డిలోని చెట్టు మట్ట నీడ ఒక్క ప్యానెల్ మీద పడినా, వరుసగా కలిపిన మిగతా ప్యానెళ్ళ ఉత్పత్తి కూడా దెబ్బతింటుంది. చెట్టు పక్కింటివారిది, కొట్టమని అడగలేం. బిగించే ముందు డిసెంబరులోనూ వేసవిలోనూ నీడ ఎక్కడ పడుతుందో చూసుకోవాలి, ఎందుకంటే చలికాలంలో నీడ పొడుగు. నీడ తప్పదనుకుంటే ప్రతి ప్యానెల్‌కూ విడిగా మైక్రో ఇన్వర్టర్ పెట్టించుకోవచ్చు, ఖర్చు పెరుగుతుంది. పెంకుటింటి మండువా లోగిళ్ళ మీదయితే ఈ ఆలోచనే వద్దు.

రెండోది గాలి. భవనాల మీద గాలి భారం లెక్కకట్టే భారతీయ ప్రమాణం మన తీరాన్ని సెకనుకు 50 మీటర్ల మండలంలో పెట్టింది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 1996 నవంబరు తుఫాను చూసినవారికి ఈ అంకె వివరించనక్కర్లేదు. అయినా డాబా మీద ధాన్యం, ఒడియాలు ఎండబెట్టుకోవాలని ప్యానెళ్ళను ఎనిమిది అడుగుల ఎత్తు పైపుల మీద పెట్టించుకుంటున్నారు. కింద నుంచి ఎగదన్నే గాలికి అంతకంటే మంచి అవకాశం ఉండదు. తీరం దగ్గర రెండు మూడు అడుగుల ఎత్తే మేలు. స్టాండు వేడి జింకులో ముంచి తీసినదై ఉండాలి. డాబా మీదే కోసి రంధ్రాలు పెట్టిన చోట జింకు పూత పోతుంది, ఉప్పుగాలి మొదట తినేది అక్కడే. ఆ చివరలకు జింకు పెయింటు వేయించారో లేదో చూసి డబ్బు చెల్లించండి. నట్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. కర్నూలు రాతినేలలోని పార్కుకు ఈ ఉప్పు బాధ లేదు, ఎండా ఎక్కువే.

తుఫానుకు కరెంటు పోయినా తమ ఇంట్లో దీపం వెలుగుతుందని ఆశపడి పెట్టించుకునేవారికి ఒక మాట. మామూలు గ్రిడ్ ఇన్వర్టర్ లైన్లో కరెంటు పోగానే తానూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే లైన్‌మెన్ ప్రాణం కోసం పెట్టిన ఏర్పాటది. బ్యాటరీ, దానితో కలిసి పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టర్ ఉంటేనే వెలుగు, వాటి ఖర్చు వేరు.

పార్కులనే డెల్టాకు తెస్తే? రెండు పంటలు పండే కాలువ కింది భూమిలో ఒక మెగావాట్‌కు ఐదారు ఎకరాలు వదులుకోమంటే ఎవరూ వినరు, వినకూడదు కూడా. కాలువల మీదే పెట్టే ప్రయోగం జరిగింది. భీమవరం దగ్గర గొల్లవానితిప్పలో లోసరి కాలువ మీద రాష్ట్ర ప్రభుత్వ విద్యుదుత్పత్తి సంస్థ ఏపీ జెన్‌కో 1 మెగావాట్ ప్లాంటు కట్టింది. భూమి ఖర్చు లేదు, నీటి చల్లదనం ప్యానెళ్ళకు మంచిది. కాలువకు అడ్డంగా వేసే ఇనుప నిర్మాణమే ఖరీదు. వేసవిలో కాలువలు కట్టేశాక పూడిక, గుర్రపుడెక్క తీసే యంత్రాలకు దారి కూడా వదలాలి. నా దృష్టిలో ఇది అక్కడక్కడా పనికొచ్చే ఏర్పాటే కానీ డెల్టా అంతటికీ మార్గం కాదు.

చెరువుల రైతులది ఇంకో లెక్క. రొయ్యల చెరువులో ప్రాణవాయువు తగ్గేది రాత్రి, మరీ ముఖ్యంగా తెల్లవారుజామున. ఏరియేటర్లు తిరగాల్సిందీ అప్పుడే, ప్యానెళ్ళు నిద్రపోయేదీ అప్పుడే. పైగా ఆక్వా జోన్‌లో, అంటే చేపలు, రొయ్యల సాగుకు ప్రభుత్వం గుర్తించిన ప్రాంతంలో, అర్హత ఉన్నవారికి రాయితీ కరెంటు యూనిట్ 1.50కే వస్తున్నప్పుడు సొంత సోలార్ దాన్ని ఓడించలేదు. ఆ రాయితీ అందని రైతు మాత్రం పగటి పంపులకు, కోల్డ్ స్టోరేజీకి ఎంత వాడుతున్నాడో విడిగా రాసుకుని, నెట్ మీటరుతో పగటి మిగులు రాత్రి వాడకానికి సర్దుబాటవుతుందా అని తన డిస్కంను లిఖితపూర్వకంగా అడిగిన తర్వాతే అడ్వాన్సు ఇవ్వాలి.